అద్దె గదిలో మంచి గిటార్ టోన్: ఉచిత ప్లగిన్లతో మొదటి నుంచి చివరి దాకా

హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ గిటార్ వాయించే చాలామందికి ఆంప్ పెట్టుకునే చోటు ఉండదు. చోటున్నా సౌండ్ పెంచే వీలుండదు. అమీర్‌పేటలో ముగ్గురు పంచుకునే గది, కూకట్‌పల్లిలో గోడకు గోడ ఆనుకున్న ఫ్లాట్లు, కింది పోర్షన్‌లో ఇంటి ఓనర్. ట్యూబ్ ఆంప్ అసలు రంగు బయటపడేది బాగా పెంచినప్పుడే, ఇలాంటి ఇళ్లలో పెంచడం కుదిరే పని కాదు. అందుకే కంప్యూటర్‌లోనే ఆంప్ నడిపే పద్ధతి మనకు ఇంతగా పనికొస్తుంది. ఇంకో పెద్ద లాభం కూడా ఉంది. గిటార్‌ను నేరుగా కేబుల్‌తో రికార్డ్ చేస్తాం కాబట్టి కుక్కర్ విజిల్, వీధిలో ఆటో హారన్, వినాయక చవితి మండపంలో మైకు, ఇవేవీ ట్రాక్‌లోకి రావు. పాడేవాళ్లకు ఈ సదుపాయం లేదు.

ఈ రోజు ఉచితంగా దొరికే ప్లగిన్లు, అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆంప్, ఎఫెక్ట్‌ల పని చేసే చిన్న ప్రోగ్రాములు, నిజంగా మంచివి. అయినా చాలామంది వాటిని డౌన్‌లోడ్ చేసి, పది నిమిషాలు వాయించి, కందిరీగలు ముసిరినట్టు ఉందని తీసేసి ఇంకోటి వెతుకుతారు. తప్పు ఆంప్ ప్లగిన్‌లో ఉండడం అరుదు. ఆంప్‌లోకి వెళ్లే సిగ్నల్‌లో ఉంటుంది, లేదంటే ఆంప్ తర్వాత వచ్చే స్పీకర్ క్యాబినెట్‌లో ఉంటుంది. అందుకే ఇక్కడ ముందు సిగ్నల్ గురించి, తర్వాత ఆంప్, ఆ తర్వాత క్యాబ్, ఆఖర్న మెరుగుల గురించి చెబుతున్నాను. ఈ వరుస తప్పకుండా చేస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

మొదటి మెట్టు: గిటార్, కేబుల్, ఇంటర్‌ఫేస్

తీగలు పాతబడి ఉంటే ముందు అవి మార్చండి. మన ఎండల్లో చేతి చెమటకు స్టీల్ తీగలు త్వరగా మసకబారతాయి, పై ధ్వని చచ్చిపోతుంది. ఏ ఈక్యూ (ధ్వనిలో కింది, మధ్య, పై భాగాలను పెంచే, తగ్గించే) ప్లగిన్‌తోనూ దాన్ని వెనక్కి తేలేం. ప్రతి టేక్‌కు ముందు ట్యూన్ చూసుకోండి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే రియాట్యూన్ సరిపోతుంది.

ఇక ఇంటర్‌ఫేస్, అంటే గిటార్ సిగ్నల్‌ను కంప్యూటర్‌కు చేర్చే పెట్టె. గిటార్ పికప్ నుంచి వచ్చే సిగ్నల్ బలహీనమైనది, దాని ఇంపెడెన్స్ ఎక్కువ. దాన్ని మామూలు లైన్ ఇన్‌పుట్‌లోనో, ల్యాప్‌టాప్ మైక్ సాకెట్‌లోనో పెడితే పై ఫ్రీక్వెన్సీలు పోయి గొంతు నొక్కినట్టు వినిపిస్తుంది. ఇంటర్‌ఫేస్ మీద ‘ఇన్‌స్ట్’ అనో, ‘హై-జెడ్’ అనో రాసి ఉన్న ఇన్‌పుట్ కావాలి. కొన్నిటిలో గిటార్ బొమ్మ ఉంటుంది, కొన్నిటిలో స్విచ్ నొక్కాలి. ఆ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ సుమారు 1 మెగా ఓమ్ ఉంటుంది, గిటార్‌కు కావాల్సింది అదే. ఒక్క గిటార్ రికార్డ్ చేయడానికి రెండు ఇన్‌పుట్‌ల చిన్న ఇంటర్‌ఫేస్ చాలు. కోఠి, సికింద్రాబాద్ వైపు మ్యూజిక్ షాపులకు వెళ్లి చూసి కొనొచ్చు. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే మాత్రం ల్యాప్‌టాప్, గిటార్ వెంట తీసుకెళ్లండి. గెయిన్ నాబ్ తిప్పుతూ చరచర శబ్దం వస్తుందేమో, హెడ్‌ఫోన్ సాకెట్ కదిలిస్తే సౌండ్ తెగుతుందేమో అక్కడే చూసుకోండి. కంప్యూటర్‌కు దాని డ్రైవర్ ఇంకా దొరుకుతోందా అన్నది అన్నిటికంటే ముందు చూడాలి.

కేబుల్ మూడు మీటర్లది చాలు. కేబుల్ పొడవయ్యే కొద్దీ దాని కెపాసిటెన్స్ పెరిగి ట్రెబుల్ తగ్గుతుంది. ఇంట్లో కుర్చీలో కూర్చుని వాయించేవాళ్లకు పది మీటర్ల తాడు అవసరం లేదు.

రెండో మెట్టు: రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, లేటెన్సీ

మాక్ ఉన్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగా వస్తుంది, అందులోనే ఆంప్‌లు కూడా ఉన్నాయి. విండోస్ వాళ్లు ట్రాక్షన్ వారి వేవ్‌ఫామ్ ఫ్రీ వాడొచ్చు. నేను రీపర్ వాడమంటాను. 60 రోజులు ఏ అడ్డూ లేకుండా పరీక్షించి చూడొచ్చు, నచ్చితే లైసెన్స్ కొనాలి. పాత ల్యాప్‌టాప్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది, కింద చెప్పబోయే చాలా పనులకు దాని సొంత ప్లగిన్లే సరిపోతాయి.

విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే ఏఎస్‌ఐఓ (ఆడియోను తక్కువ ఆలస్యంతో నడిపే) డ్రైవర్ వేసుకోండి. కంపెనీ డ్రైవర్ లేకపోతేనే ఏఎస్‌ఐఓ4ఆల్ వైపు వెళ్లండి. రీపర్ ఆడియో సెట్టింగ్స్‌లో ఆ డ్రైవర్ ఎంచుకుని, శాంపిల్ రేట్ 48000, బఫర్ (కంప్యూటర్ ఒక్కసారికి తీసుకునే శాంపిల్స్ సంఖ్య) 128 పెట్టండి. 128 శాంపిల్స్ అంటే 2.7 మిల్లీ సెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, ఇంటర్‌ఫేస్ తీసుకునే సమయం కొంత, అన్నీ కలిపిన ఆలస్యం, అంటే లేటెన్సీ, 10 మిల్లీ సెకన్లలోపు ఉంటే వేళ్లకు తేడా తెలియదు. గాలిలో ధ్వని మీటరుకు దాదాపు 3 మిల్లీ సెకన్లు తీసుకుంటుంది, అంటే ఆంప్‌కు మూడు మీటర్ల దూరంలో నిలబడి వాయించినట్టే. టకటక శబ్దాలు వస్తుంటే బఫర్ 256కు పెంచండి. రికార్డింగ్ అయిపోయి మిక్స్ చేసేటప్పుడు 1024 పెట్టుకున్నా నష్టం లేదు.

ఇక్కడ చాలామంది తట్టుకునే రాయి ఒకటుంది. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ స్విచ్ ఆన్‌లో ఉంటే, ప్లగిన్ సౌండ్‌తో పాటు ఏ ఆంప్‌లోంచీ పోని పొడి గిటార్ కూడా చెవిలో పడుతుంది. రెండూ కలిసి పలచగా, వింతగా వినిపిస్తుంది. ఆ స్విచ్ ఆపేయండి. ట్రాక్ ఇన్‌పుట్ మోనోగా, గిటార్ పెట్టిన సాకెట్ నంబరే ఎంచుకోండి.

మూడో మెట్టు: హమ్ వదిలించుకోవడం

మన ఇళ్లలో గిటార్ రికార్డింగ్‌కు అసలు శత్రువు ఈ హమ్, అంటే కరెంట్ వల్ల వచ్చే గుంయ్‌మనే శబ్దమే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను. డిస్టార్షన్ పెట్టగానే హమ్ కొన్ని రెట్లు పెరుగుతుంది. ఆంప్ ప్లగిన్ వేయకముందే దాని మూలం పట్టుకోవాలి.

మన కరెంట్ 50 హెర్ట్జ్. కాబట్టి హమ్ 50, 100, 150 దగ్గర, వాటి పై గుణిజాల దగ్గర వినిపిస్తుంది. వోక్సెంగో స్పాన్ అనే ఉచిత అనలైజర్ ట్రాక్ మీద పెడితే ఆ ముళ్లు కళ్లకు కనిపిస్తాయి.

ముందు గిటార్ వాల్యూమ్ నాబ్ సున్నాకు తెచ్చి వినండి. శబ్దం అలాగే ఉంటే తప్పు కేబుల్‌దో, ఇంటర్‌ఫేస్‌దో, ల్యాప్‌టాప్‌దో. శబ్దం పోతే పికప్ గదిలోంచి దాన్ని పట్టుకుంటోంది. మొదటి రకంలో ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద పెట్టి చూడండి. చాలా ఇళ్లలో ఒక్క ఈ పనితోనే గీ మనే శబ్దం ఆగిపోతుంది. అలా ఆగితే ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా లేదని, లేదా మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌తో పెట్టారని అనుమానించాలి. మంచి మూడు పిన్నుల సాకెట్, మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డ్ వాడండి, అనుమానం ఉంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించండి. హమ్ తగ్గుతుందని ఎవరైనా ఎర్త్ పిన్ తీసేయమంటే వినకండి. గిటార్ తీగలు ఎర్త్‌కు కలిసి ఉంటాయి, మీ చేతులు ఆ తీగల మీదే ఉంటాయి. అది ప్రాణం మీదికి వచ్చే పని.

పికప్ పట్టుకునే రకం అయితే గదిని చూడండి. సీలింగ్ ఫ్యాన్‌కు తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉందా? డిమ్మర్ లాగా కరెంట్‌ను ముక్కలు చేసే రకం అయితే మధ్య స్పీడ్‌లో పెద్ద జర్‌ర్ వస్తుంది. ఫుల్ స్పీడ్ పెట్టినా, పూర్తిగా ఆపినా తగ్గిపోతుంది. మే నెలలో ఫ్యాన్ ఆపమని ఎవరికీ చెప్పలేం గనుక ఫుల్‌లో పెట్టి వాయించండి, డైరెక్ట్ రికార్డింగ్ కాబట్టి ఫ్యాన్ గాలి శబ్దం పడదు. ట్యూబ్‌లైట్, నాసిరకం ఎల్ఈడీ బల్బు, ఫోన్ చార్జర్, వీటిని ఒక్కొక్కటీ ఆపి చూడండి. కరెంట్ పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు శబ్దం మరీ పెరిగితే మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం అయి ఉంటుంది. అలాంటప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే పని చేసి, ఆ స్విచ్ బోర్డుకు దూరంగా కూర్చోండి.

ఇంకా మిగిలితే కూర్చున్న కుర్చీ తిప్పండి. సింగిల్ కాయిల్ పికప్ ఏ దిక్కుకు తిరిగి ఉందన్నదాన్ని బట్టి హమ్ పెరుగుతుంది, తగ్గుతుంది. కంప్యూటర్ స్క్రీన్‌కు మీటరు దూరం జరిగి, నెమ్మదిగా తిరుగుతూ తక్కువగా ఉన్న కోణం పట్టుకోండి. స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్ అయితే 2, 4 పొజిషన్లు చూడండి. మధ్య పికప్ తిరగబడి చుట్టిన రకం అయితే అక్కడ హమ్ తనంతట తానే రద్దవుతుంది.

ఇదంతా అయ్యాక మిగిలినదానికే నాయిస్ గేట్, అంటే వాయించనప్పుడు సిగ్నల్‌ను మూసేసే ప్లగిన్. రీపర్‌లో రియాగేట్ ఉంది. ఆంప్‌కు ముందు పెట్టండి. నోట్ చివర గొంతు పిసికినట్టు ఆగిపోకుండా రిలీజ్ (గేట్ మూసుకునే సమయం) 100 నుంచి 200 మిల్లీ సెకన్లు ఇవ్వండి.

నాలుగో మెట్టు: ఇన్‌పుట్ లెవల్

బ్రిడ్జ్ పికప్ ఎంచుకుని, వాల్యూమ్ పూర్తిగా తెరిచి, మీరు పాటలో ఎంత గట్టిగా కొడతారో అంత గట్టిగా కార్డ్స్ కొట్టండి. మీటర్ పీక్ మైనస్ 12 డీబీ దగ్గర, అరుదుగా మైనస్ 8 దాకా వచ్చేలా గెయిన్ పెట్టండి. ఎరుపు ఒక్కసారి కూడా వెలగకూడదు. ట్రాక్ సన్నగా కనిపిస్తోందని గెయిన్ పెంచకండి. 24 బిట్ రికార్డింగ్‌లో తక్కువ లెవల్ వల్ల నష్టం లేదు.

దీనికి ఇంత పట్టింపు ఎందుకంటే, ఆంప్ ప్లగిన్ నిజమైన ఆంప్ లాగే లోపలికి వచ్చే సిగ్నల్ బలాన్ని బట్టి ప్రవర్తిస్తుంది. ఇన్‌పుట్ ఎక్కువైతే క్లీన్ ఛానల్ కూడా పగిలి వినిపిస్తుంది, హై గెయిన్ ముద్దయిపోతుంది. ప్లగిన్ బాగోలేదన్న ఫిర్యాదుల్లో చాలా వాటి మూలం ఇక్కడే ఉంటుంది. పరీక్ష సులువు: ఒక క్లీన్ ఆంప్‌లో గెయిన్ సగానికి పెట్టి, మెత్తగా మీటితే శుభ్రంగా, గట్టిగా కొడితే అంచుల్లో కొద్దిగా గరుకుగా వస్తే లెవల్ సరిపోయినట్టు. తీగ మీటే చేయి ఎంత తేడా చేస్తే టోన్ అంత తేడా చేయాలి.

అయిదో మెట్టు: ఆంప్ ఎంచుకోవడం

నాకు ఉచిత వాటిలో అన్నిటికంటే నచ్చింది న్యూరల్ ఆంప్ మోడలర్. అందరూ ఎన్ఏఎం అంటారు. స్టీవెన్ అట్కిన్సన్ రాసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ అది. నిజమైన ఆంప్‌లోకి ఒక పరీక్ష సిగ్నల్ పంపి, బయటికి వచ్చినదాన్ని రికార్డ్ చేసి, ఆ రెండింటి మధ్య సంబంధాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పిస్తారు. అలా తయారైన చిన్న ఫైల్‌ను క్యాప్చర్ అంటారు. వేలాది మంది తమ ఆంప్‌ల క్యాప్చర్లు చేసి టోన్3000 సైట్‌లో ఉచితంగా పెట్టారు. మనం ఇక్కడ ముట్టుకునే అవకాశం కూడా లేని ఆంప్‌లు అందులో దొరుకుతాయి.

వాడేముందు మూడు సంగతులు తెలియాలి. ఒకటి, క్యాప్చర్ అంటే ఆ ఆంప్ నాబ్‌లు ఒక చోట ఉన్నప్పటి ఫోటో. గెయిన్ మార్చాలంటే వేరే గెయిన్‌తో తీసిన ఇంకో ఫైల్ ఎంచుకోవాలి, ప్లగిన్ ఇన్‌పుట్ నాబ్‌తో సరిదిద్దగలిగేది కొంతే. రెండు, కొన్ని క్యాప్చర్లు ఆంప్ హెడ్ ఒక్కటే తీసినవి, కొన్ని స్పీకర్, మైక్‌తో సహా తీసినవి. క్యాబ్‌తో సహా ఉన్నదానికి మళ్లీ క్యాబ్ పెడితే దుప్పటి కప్పినట్టు అయిపోతుంది, హెడ్ ఒక్కటే ఉన్నదానికి క్యాబ్ పెట్టకపోతే చెవులు కోసుకుపోతాయి. ఫైల్ వివరణ చదవకుండా లోడ్ చేయకండి. మూడు, క్యాప్చర్లలో స్టాండర్డ్, లైట్, ఫెదర్, నానో అని సైజులుంటాయి. పాత ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఫెదర్ వెర్షన్ ఉందేమో చూడండి, తేడా అనుకున్నంత ఉండదు. ప్లగిన్‌లో ఇన్‌పుట్ క్యాలిబ్రేషన్ సెట్టింగ్ కూడా ఉంది. మీ ఇంటర్‌ఫేస్ మాన్యువల్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ గరిష్ఠ లెవల్ డీబీయూలలో ఇచ్చి ఉంటే ఆ అంకె అందులో వేయండి. ఇంటర్‌ఫేస్ గెయిన్ అప్పుడు మాత్రం నాలుగో మెట్టులో పెట్టినట్టు కాకుండా కనిష్ఠంలో ఉండాలి. క్యాప్చర్ తీసినవాళ్లు తమ లెవల్ వివరం కూడా ఇచ్చి ఉంటే, గిటార్ అసలు ఆంప్‌కు ఎంత బలంగా తగిలేదో అంతే బలంగా తగులుతుంది.

నాబ్‌లు తిప్పుకుంటూ నేర్చుకోవాలనుకునే వాళ్లకు క్యాప్చర్లకంటే మామూలు ఆంప్ ప్లగిన్ నయం. ఇగ్నైట్ ఆంప్స్ వారి ఎమిసరీ పూర్తిగా ఉచితం, క్లీన్, లీడ్ రెండు ఛానల్స్ ఉన్నాయి, భారీ రాక్, మెటల్ రిథమ్‌కు ఇప్పటికీ గట్టి ఎంపిక. అన్నీ ఒకే చోట ఉండాలంటే గిటార్ రిగ్ ప్లేయర్, ఆంప్లిట్యూబ్ సీఎస్ ఉన్నాయి. వాటిలో ఆంప్‌లు కొన్నే ఉచితంగా వస్తాయి, మొదలుపెట్టడానికి అవి చాలు. అన్నీ ఒకేసారి దించుకోవద్దు. ఒక్కటి ఎంచుకుని నెల రోజులు దాని మీదే వాయించండి. డౌన్‌లోడ్ మాత్రం తయారుచేసినవాళ్ల సైట్ నుంచే చేయండి, క్రాక్ చేసిన ఖరీదైన ప్లగిన్ల జోలికి వెళ్లకండి. ఉచితంగానే ఇంత మంచివి ఉన్నప్పుడు వైరస్ తెచ్చుకోవాల్సిన అవసరం లేదు.

ఆరో మెట్టు: క్యాబ్, అంటే ఐఆర్

టోన్‌లో సగానికి పైగా మార్పు ఇక్కడ వస్తుందని నా గట్టి నమ్మకం. గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ హైఫై స్పీకర్ లాంటిది కాదు. 5 కిలో హెర్ట్జ్ దాటాక దాని ధ్వని వేగంగా పడిపోతుంది. డిస్టార్షన్ పుట్టించే చెత్త అంతా ఆ పైనే ఉంటుంది. స్పీకర్ దాన్ని తీసేయడం వల్లే గిటార్ గిటార్ లాగా వినిపిస్తుంది. కంప్యూటర్‌లో ఆ పని చేసేది ఇంపల్స్ రెస్పాన్స్, వాడుకలో ఐఆర్. ఒక స్పీకర్ ముందు ఒక మైక్‌ను ఒక చోట పెట్టి, ఆ మొత్తం ధ్వని స్వభావాన్ని చిన్న వేవ్ ఫైల్‌లో పట్టింది అది.

లోడ్ చేయడానికి ఎన్ఏఎంలోనే చోటుంది. ఎమిసరీ లాంటివాటికి ఇగ్నైట్ ఆంప్స్ వారిదే నాడిర్ అనే ఉచిత లోడర్ వాడండి. అందులో ఒకేసారి రెండు ఐఆర్‌లు కలపొచ్చు.

ఫైల్ పేర్లు చూసి బెదరకండి, చదవడం తెలిస్తే అవే దారి చూపిస్తాయి. వీ30 అంటే సెలెస్షన్ వింటేజ్ 30 స్పీకర్, పై మధ్యస్థాయి ముందుకు వస్తుంది, మిక్స్‌లో తెగువగా వినిపిస్తుంది. గ్రీన్‌బ్యాక్ అంటే మెత్తగా, పాత రాక్ స్వభావంతో ఉంటుంది. 57 అంటే షూర్ ఎస్ఎం57 మైక్, 121 అంటే రాయర్ రిబ్బన్ మైక్. మొదటిది కొరికినట్టు, రెండోది గుండ్రంగా ఉంటుంది. క్యాప్ అని ఉంటే మైక్ స్పీకర్ మధ్య బుడిపె ఎదుట ఉందని, ఎడ్జ్ అని ఉంటే అంచుకు జరిగిందని. మధ్యలో పదును ఎక్కువ, అంచుకు వెళ్లే కొద్దీ పదును తగ్గి ధ్వని మెత్తబడుతుంది.

ఎంచుకునే పద్ధతి ఇలా పెట్టుకోండి. డ్రమ్స్, బాస్ ఉన్న ఒక లూప్ పెట్టి, దాని మీద మీ గిటార్ పొడి ట్రాక్‌ను తిప్పుతూ, చేతులు గిటార్ మీద లేకుండా వినండి. వాయిస్తూ ఎంచుకుంటే వేళ్ల సంతోషం చెవిని మోసం చేస్తుంది. ప్రతి ఐఆర్‌కూ వాల్యూమ్ సమానం చేయండి, లేకపోతే పెద్దగా వినిపించేదే బాగుందనిపిస్తుంది. వందల ఫైళ్లున్న ప్యాక్‌లో వీ30తో 57, గ్రీన్‌బ్యాక్‌తో 57, వీ30తో 121, ఈ మూడు విని నచ్చినదాని పక్కనే ఉన్న రెండు మూడు చూసి ఆపేయండి. రెండు కలిపేటప్పుడు ధ్వని అకస్మాత్తుగా పలచబడితే ఒకదానికి ఫేజ్ తిప్పి చూడండి. చాలాసార్లు 57, 121 సమంగా కలిపితేనే పని పూర్తవుతుంది.

ఏడో మెట్టు: నాబ్‌లు తిప్పడం

ఆంప్‌లో అన్నీ మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. గెయిన్ మీకు ఎంత కావాలనిపిస్తుందో దానికంటే తక్కువ పెట్టండి. ఒంటరిగా వింటే కొంచెం పొడిగా అనిపించే గెయిన్, మిక్స్‌లో సరిగ్గా సరిపోతుంది. మిడ్ తగ్గించకండి. గదిలో ఒక్కరే వాయించుకునేటప్పుడు మిడ్ తీసేస్తే గంభీరంగా ఉంటుంది, పాటలో పెట్టగానే గిటార్ మాయమవుతుంది.

బరువైన రిథమ్ ముద్దగా ఉంటే గెయిన్ తగ్గించాక ఇంకో ఉపాయం ఉంది. ఆంప్‌కు ముందు ట్యూబ్ స్క్రీమర్ అనే డ్రైవ్ పెడల్ తరహా ప్లగిన్ పెట్టండి, ఇగ్నైట్ వారి టీఎస్‌బీ-1 ఉచితం. డ్రైవ్ సున్నా, టోన్ మధ్యలో, లెవల్ బాగా పైకి. ఆ పెడల్ బాస్ తగ్గించి 720 హెర్ట్జ్ చుట్టూ మిడ్ పెంచుతుంది కాబట్టి ఆంప్‌లోకి వెళ్లే సిగ్నల్ బిగుతుగా మారుతుంది. తీగ మూసి కొట్టే పామ్ మ్యూట్ అప్పుడు స్పష్టంగా విడివిడిగా వినిపిస్తుంది.

చర్చి ఆరాధనలో వాయించే క్లీన్ టోన్ కావాలంటే నెక్ పికప్, క్లీన్ ఆంప్, మెల్లని కోరస్, పొడవైన రివర్బ్. రాగం పలికించే మెలడీ లైన్లకు వేరే ఆలోచన కావాలి. గమకం నిలబడాలంటే మీటిన నోట్ చచ్చిపోకుండా సాగాలి. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి ఎలక్ట్రిక్ మాండలిన్ ఎంచుకున్నారు, ఎలక్ట్రిక్ వాద్యంలో నోట్ సాగడం వల్ల జారులూ కంపితాలూ చక్కగా పలుకుతాయి. గిటార్ మీద అదే కావాలంటే ఆంప్‌కు ముందు కంప్రెసర్ (గట్టి, మెత్తని ధ్వనుల మధ్య తేడా తగ్గించే ప్లగిన్) పెట్టండి, నిష్పత్తి 3:1 లేదా 4:1, అటాక్ 20 మిల్లీ సెకన్ల పైన. గెయిన్ మధ్యస్థంగా, గిటార్ టోన్ నాబ్ కొద్దిగా మూసి ఉంచండి. గెయిన్ మరీ ఎక్కువైతే జారులోని సూక్ష్మ స్వరాలు కలిసిపోతాయి, తక్కువైతే మధ్యలోనే ఆగిపోతాయి. నాబ్ కొద్ది కొద్దిగా కదుపుతూ, ఒకే సంగతిని పదే పదే వాయించి ఆ చోటు పట్టుకోవాలి. ఓపిక పెట్టాల్సిన పని ఇదే.

ఎనిమిదో మెట్టు: క్యాబ్ తర్వాత ఈక్యూ

రీపర్‌లోని రియాఈక్యూతో 80 నుంచి 100 హెర్ట్జ్ కింద కోసేయండి, ఆ చోటు బాస్ గిటార్‌ది, కిక్ డ్రమ్‌ది. పైన 8 నుంచి 10 కిలో హెర్ట్జ్ దగ్గర కోయండి. విసుగు పుట్టించే ఈల లాంటి శబ్దం మిగిలితే 2.5 నుంచి 5 కిలో హెర్ట్జ్ మధ్య సన్నని బ్యాండ్‌ను పైకి ఎత్తి మెల్లగా జరుపుతూ వెతకండి, దొరికిన చోట రెండు మూడు డీబీ తగ్గించండి. నాలుగైదు చోట్ల అలా కోయాల్సి వస్తే ఆగి వేరే ఐఆర్ ఎంచుకోండి. పామ్ మ్యూట్ చేసినప్పుడు మాత్రమే బాస్ ఉబ్బితే టోక్యో డాన్ వారి నోవా అనే ఉచిత డైనమిక్ ఈక్యూతో 150 నుంచి 250 హెర్ట్జ్ మధ్య అవసరమైనప్పుడే తగ్గేలా పెట్టండి.

రాత్రి అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్‌లో తక్కువ సౌండ్‌తో పని చేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. వాల్యూమ్ తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బాస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. కాబట్టి రాత్రి ఆ రెండూ పెంచేస్తాం, పొద్దున మామూలు సౌండ్‌లో వింటే డొల్లగా, గరుకుగా ఉంటుంది. రాత్రి వాయించడం, రికార్డ్ చేయడం పెట్టుకోండి. ఈక్యూ నిర్ణయాలు పగటికి వదిలేయండి.

తొమ్మిదో మెట్టు: వెడల్పు, లోతు

రిథమ్ గిటార్ పెద్దగా రావాలంటే అదే భాగాన్ని రెండుసార్లు వాయించి ఒకటి పూర్తిగా ఎడమకు, ఒకటి కుడికి పెట్టండి. ఒకే టేక్‌ను కాపీ చేస్తే వెడల్పు రాదు, సౌండ్ పెరుగుతుందంతే. రెండు టేకుల మధ్య చేతిలో ఉండే చిన్న తేడాలే వెడల్పు. రెండోదానికి వేరే పికప్ గానీ, వేరే ఐఆర్ గానీ వాడితే ఇంకా మంచిది. రెండూ కలిసినప్పుడు డిస్టార్షన్ కూడా కలుస్తుంది కాబట్టి గెయిన్ ఇంకొంచెం తగ్గించండి.

డిలే (నోట్‌ను కొద్దిసేపటికి మళ్లీ వినిపించే ఎఫెక్ట్) సమయాన్ని పాట టెంపోకు కట్టండి. 60000ను టెంపోతో భాగిస్తే ఒక బీట్‌కు మిల్లీ సెకన్లు వస్తాయి. టెంపో 96 అయితే 625, అందులో ముప్పావు వంతు 469. ఆ ముప్పావు డిలేతో మీటే విడి నోట్లు ఒకదానితో ఒకటి అల్లుకుంటాయి. రివర్బ్‌కు వాల్హల్లా వారి సూపర్‌మాసివ్ ఉచితం, విశాలమైన మెల్లని టోన్లకు చాలా బాగుంటుంది. రిథమ్‌కు మాత్రం అది ఎక్కువ, చిన్న గది రివర్బ్ చాలు. రెండిటినీ గిటార్ ట్రాక్ మీద కాకుండా వేరే ట్రాక్ మీద పెట్టి సెండ్ (గిటార్ సిగ్నల్ కాపీని ఆ ట్రాక్‌కు చేర్చే దారి) ద్వారా పంపండి. అలా చేస్తే రివర్బ్‌కు విడిగా ఈక్యూ వేసి, 300 హెర్ట్జ్ కింద కోసి, మిక్స్ బురద కాకుండా చూసుకోవచ్చు.

పదో మెట్టు: దాచుకోవడం, పంపడం

రీపర్‌లో ప్లగిన్ల ప్రభావం లేని పొడి గిటారే రికార్డ్ అవుతుంది, ప్లగిన్లు ప్లే చేసేటప్పుడు పనిచేస్తాయి. కాబట్టి మంచి టేక్ ఒకసారి పడితే ఆంప్, క్యాబ్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. టోన్ నచ్చగానే మొత్తం ప్లగిన్ల వరుసను ఎఫ్ఎక్స్ చైన్‌గా సేవ్ చేయండి. పేరులో గిటార్, పికప్, ఇంటర్‌ఫేస్ గెయిన్ ఎంతో రాయండి, ఎందుకంటే గెయిన్ మారితే అదే చైన్ వేరేగా వినిపిస్తుంది. ఎన్ఏఎం, ఐఆర్ ఫైళ్లను ఒకే ఫోల్డర్‌లో పెట్టి మళ్లీ కదపకండి. కదిపితే పాత ప్రాజెక్ట్ తెరిచినప్పుడు ఆంప్ ఖాళీగా వస్తుంది.

పూర్తయ్యాక ఫోన్ స్పీకర్‌లో, ఇయర్‌ఫోన్స్‌లో, స్నేహితుడి కారులో వినండి. ఫోన్ స్పీకర్‌లో గిటార్ వినిపించకపోతే మిడ్ తక్కువైంది, చెవి నొప్పి పుడితే 3 కిలో హెర్ట్జ్ చుట్టూ ఎక్కువైంది. పాటను వేరేవాళ్లు మిక్స్ చేస్తుంటే ప్రతి గిటార్‌కూ రెండు ఫైళ్లు పంపండి: టోన్‌తో ఒకటి, పొడిగా ఒకటి. రెండూ 24 బిట్, 48 కిలో హెర్ట్జ్ వేవ్ ఫైళ్లుగా, పాట మొదటి బార్ నుంచే మొదలయ్యేలా, ముందున్న నిశ్శబ్దంతో సహా ఎగుమతి చేయండి. ఫైల్ పేరులో టెంపో రాయండి. వాళ్లకు మీ టోన్ నచ్చితే అదే వాడతారు, లేదంటే పొడి ట్రాక్ మీద తమ ఆంప్ పెట్టుకుంటారు. మిమ్మల్ని మళ్లీ వాయించమని అడగాల్సిన పని ఉండదు.